కిష్టారం పిల్లలకు చరిత్ర తరగతి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద యుద్ధాల గురించీ, పెన్షన్ల గురించీ, తెలుగు భాష గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి నన్ను హైస్కూలు చరిత్ర తరగతి గురించి మాట్లాడమన్నారు. దానికి కారణం ఉంది. రిటైరయిన మనవాళ్ళు కొందరు బస్తర్ సరిహద్దు పల్లెల పిల్లలకు సెలవుల్లో పాఠాలు చెబుదామని సంకల్పించారు. లెక్కలకు, ఇంగ్లీషుకు చాలామంది చేతులెత్తారు. చరిత్ర అనేసరికి అందరూ నా వైపు చూశారు. నేను ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ వాణ్ణి. పచ్‌మఢీలో శిక్షణ పొంది, జవాన్లకు మ్యాప్ రీడింగు, సర్టిఫికెట్ పరీక్షల పాఠాలు చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక భద్రాచలం వైపు ఒక హైస్కూల్లో కొన్నాళ్ళు తొమ్మిది, పది తరగతులకు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఆ తరగతుల్లో కిష్టారం వైపు నుంచి వచ్చిన కోయ పిల్లలు ఉండేవారు. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

కిష్టారం ఎక్కడుందో ఈ సభలో కొందరికి చెప్పనక్కర్లేదు. కేంద్ర రిజర్వు పోలీసు దళంలో పనిచేసి వచ్చినవారు ఆ పేరు వినగానే తల దించుకుని ఒక్క క్షణం మౌనంగా ఉంటారు. మిగతావారికోసం చెబుతాను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు అది. సుక్మా 2012లో జిల్లా అయింది, అంతకుముందు దంతెవాడలో భాగం. 2018 మార్చి 13న కిష్టారం, పలోడి మధ్య దారిలో మందుపాతర పేలి, వాహనంలో ఉన్న 212వ బెటాలియన్ జవాన్లు తొమ్మిది మంది అమరులయ్యారు. అంతకుముందు సంగతి కూడా చెప్పాలి. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఆ ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. చాలా కుటుంబాలు గోదావరి జిల్లాల వైపు, ఖమ్మం వైపు వలస వచ్చాయి. మనవాళ్ళు వాళ్ళను గుత్తికోయలు అంటారు. బడి భవనాలను మావోయిస్టులు పేల్చేశారు. కొన్ని బడుల్లో భద్రతా దళాలు బస చేశాయి. వాటిని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు 2011లో ఆదేశించింది. అదే సంవత్సరం జులై 5న సల్వాజుడుం మీద, స్పెషల్ పోలీసు ఆఫీసర్ల నియామకం మీద తీర్పు కూడా ఇచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ప్రాంతం పిల్లవాడు తొమ్మిదో తరగతిలో మన ముందు కూర్చున్నాడు. ఇంట్లో కోయ మాట్లాడతాడు. సంతలో తెలుగు వింటాడు. అక్కడి బడిలో అయితే హిందీలో పాఠం. వాడి పక్కన, క్యాంపులో పనిచేసే జవాను కొడుకు కూర్చుంటే? వాడి వెనక బెంచీలో, జైల్లో కొన్నేళ్ళుండి నిర్దోషిగా బయటికి వచ్చినవాడి కొడుకు కూర్చుంటే? 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో 25 మంది జవాన్లు చనిపోయారు. ఆ కేసులో అయిదేళ్ళు జైల్లో ఉన్న 121 మంది ఆదివాసులను 2022లో కోర్టు నిర్దోషులని విడిచిపెట్టింది. చనిపోయిన ఆ 25 మందిలోనూ, విడుదలైన ఆ 121 మందిలోనూ పిల్లలున్నవారు ఉంటారు. వీళ్ళందరికీ ఒకే గదిలో చరిత్ర చెప్పాలి. అందుకని తరగతి నియమాలు ముందే రాసుకోవాలి. కమాండరు ఆర్డర్లు లేకుండా పెట్రోలు బయలుదేరదు కదండీ.

మొదటి నియమం మనకు అలవాటైనదే. పెట్రోలు నుంచి తిరిగి వచ్చాక రిపోర్టు ఇచ్చేటప్పుడు ఏం అడుగుతారు? నువ్వు కళ్ళారా చూసింది ఏది, ఇతరులు చెబితే విన్నది ఏది, నువ్వు ఊహించుకున్నది ఏది అని. మూడూ కలిపేసి చెప్పినవాణ్ణి ఏ సుబేదారూ మెచ్చుకోడు. నా తరగతిలో నోటు పుస్తకం ప్రతి పేజీకి మూడు గీతలు గీయించేవాణ్ణి: చూసింది, విన్నది, ఊహించింది. ఏ పాఠం చెప్పినా ఈ మూడు గళ్ళూ నింపాలి. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు. నెల తిరిగేసరికి వాళ్ళే ఒకరినొకరు నిలదీయడం మొదలుపెట్టారు, “ఏయ్, అది విన్నది కదరా, చూసిందాంట్లో ఎందుకు రాశావు” అని.

ఉదాహరణ చెబుతాను. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్‌కు వచ్చి రాజ్యం స్థాపించాడని అక్కడ అందరూ చెబుతారు. మన తెలుగువాళ్ళకు ఆ మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. ఓరుగల్లు పతనం 1323లో. ఆ వంశవృత్తాంతం చెప్పే దంతెవాడ శాసనం దిక్పాలదేవుడు వేయించినది, 1703 నాటిది. మధ్యలో 380 ఏళ్ళు. అయితే దాన్ని ఏ గడిలో రాయాలి? పిల్లలు ఒక పీరియడంతా వాదించుకున్నారు. చివరికి ఒక అమ్మాయి అంది, “శాసనం ఉందన్నది చూసింది సార్, అందులో ఉన్నది విన్నది” అని. కాలేజీలో చదువుకున్నవారికి కూడా అంత తేలిగ్గా తట్టదు ఆ తేడా.

మరి ఊహించింది, నమ్మింది అంతా చెత్తబుట్టలో వేయాలా? అక్కర్లేదు. అల్లూరి సీతారామరాజుకు తుపాకి గుళ్ళు తగలవని మన్యం ప్రజలు నమ్మారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ను తుపాకితోనే కాల్చి చంపారు. గుళ్ళు తగలవన్నది నిజం కాదు. కానీ జనం అలా నమ్మారన్నది నిజం. అంత బలంగా ఎందుకు నమ్మారో అర్థం చేసుకుంటేనే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడినవాళ్ళ ధైర్యం మనకు బోధపడుతుంది.

రెండో నియమం పిల్లలకు కాదు, మాస్టారికి. ఏ పిల్లవాణ్ణీ లేపి నిలబెట్టి “మీ ఊళ్ళో ఏం జరిగింది, చెప్పు” అని అడగకూడదు. నేను పనిచేస్తున్నప్పుడు తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి సరిగ్గా ఆ పని చేశాడు. మంచి ఉద్దేశంతోనే అడిగాడు, పిల్లవాడి కష్టం అందరికీ తెలియాలని. ఆ కుర్రాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు, ఒక్క మాటా మాట్లాడలేదు. మర్నాటి నుంచి పది రోజులు బడికి రాలేదు. చరిత్ర తరగతిలో పిల్లవాడు విద్యార్థి, సాక్షి కాడు. కోర్టు ఆఫ్ ఎంక్వయిరీలో సాక్షిని పిలవడానికి కూడా ఒక పద్ధతి ఉందే! నిన్నా మొన్నటి సంగతులు చెప్పాలంటే తీర్పులున్నాయి, పత్రికలున్నాయి, రికార్డులున్నాయి. వాటినుంచి చెప్పాలి. పిల్లవాడు తనంతట తాను రాసి ఇస్తే తీసుకోవాలి, చదవాలి, పదిమందిలో చదివి వినిపించకూడదు.

మూడోది, చనిపోయినవారి గురించి మాట్లాడే తీరు. ఎవరి చావు మీదా తరగతిలో నవ్వు వినపడకూడదు, చప్పట్లు వినపడకూడదు. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు సీతారామరాజు దళం చేతిలో చనిపోయారు. వాళ్ళ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. రాజు మనకు వీరుడు. ఆ ఇద్దరూ యూనిఫారంలో హుకుం మీద వచ్చినవాళ్ళు. వాళ్ళ పేర్లు చెప్పినంత మాత్రాన రాజు గొప్పతనం తగ్గదు. ఎదుటివాడి సమాధి దగ్గర సెల్యూట్ చేసే సంప్రదాయం మన వృత్తిలోనే ఉంది. పిల్లలకు దాన్ని నేర్పడానికి మనకంటే తగినవారెవరు?

నాలుగోది, హాజరు, గడువుల సంగతి. మనం సెలవు దాటి ఒక్కరోజు ఆలస్యమైతే ఓ.ఎస్.ఎల్. కింద రాసేవారు. అదే కర్ర పట్టుకుని కిష్టారం పిల్లల దగ్గరికి వెళితే తరగతిలో నల్లబల్ల, మాస్టారు మాత్రమే మిగులుతారు. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామునే ఏరుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. ఆ నాలుగు డబ్బులే ఏడాదంతా ఇంటికి ఆసరా. అందుచేత నా పద్ధతి ఇది. కారణం ముందుగా చెప్పినవాడికి గడువు పెంచాలి. చెప్పకుండా మానేసినవాడి ఇంటికి మాస్టారే వెళ్ళి కనుక్కోవాలి. వచ్చాక మాత్రం తప్పిన పాఠం రాయవలసిందే, అందులో మినహాయింపు లేదు. జాలి పడి పని తగ్గిస్తే వాడి చదువే తరుగుతుంది.

అయిదోది భాష. జవాబు తెలుగులో రాసినా, హిందీలో రాసినా, రెండూ కలిపి రాసినా మార్కులు కోయకూడదు. కోయలో చెప్పింది పక్కవాడు తెలుగు చేసి చెబితే వాడికీ ఒక మార్కు. పరీక్షకు ఏ భాష కావాలో ఆ భాషలో రాయడం విడిగా నేర్పాలి. ముందు విషయం నోటికి రావాలి. గైడులోంచి అక్షరం అక్షరం ఎక్కించిన జవాబుకు సున్నా. పుస్తకంలోంచి తీసుకుని, ఎక్కడినుంచి తీసుకున్నాడో చెప్పిన జవాబుకు మార్కులు. ఈ ఒక్కటీ మొదటి రోజే బోర్డు మీద రాసి పెట్టాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఎన్.సి.ఇ.ఆర్.టి. 2006లో వెలువరించిన తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో అడవులు, వలస పాలన గురించిన అధ్యాయం ఒకటి ఉంది. అందులో బస్తర్ కథ ఉంది. 1905లో బ్రిటిషు ప్రభుత్వం అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తామన్నది. పోడు వద్దు, వేట వద్దు, అడవి సరుకు ఏరుకోవద్దు అన్నది. పైగా 1899-1900లోనూ, 1907-08లోనూ కరువులు. 1910లో మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరినుంచి ఊరికి తిరిగాయి. అదే వాళ్ళ సిగ్నల్. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధూర్ పేరు ఆ పోరాటంలో ముందు వినిపిస్తుంది. బజార్లు దోచి ధాన్యం పంచారు. అధికారుల ఇళ్ళు, పోలీసు స్టేషన్లు తగలబెట్టారు. బడులు కూడా తగలబెట్టారు. తిరుగుబాటు అణచడానికి ఫిబ్రవరి నుంచి మే దాకా పట్టింది. గుండాధూర్ దొరకనే లేదు. రిజర్వు చేయదలచిన అడవి దాదాపు సగానికి తగ్గింది.

ఈ పాఠం చెబుతుండగా ఒక కుర్రాడు లేచి, “సార్, అప్పుడు కూడా బడులెందుకు కాల్చారు?” అని అడిగాడు. ఆ “అప్పుడు కూడా” అన్న మాటలో వాడి ఊరంతా ఉంది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. మూడు గళ్ళు గీసుకోమన్నాను. కాల్చారన్నది పుస్తకంలో ఉంది. పరాయి రాజ్యంతో ముడిపడిన వాటినల్లా జనం లక్ష్యంగా చేసుకున్నారని కూడా పుస్తకం చెబుతుంది. మరి బడి అంటే వాళ్ళకు రాజ్యంలో భాగంలాగా ఎందుకు కనిపించింది? నూరేళ్ళ తరువాత బడి పేల్చినవాడి కారణమూ, ఆనాడు కాల్చినవాడి కారణమూ ఒకటేనా, వేరా? రెండు రోజులు వాదించారు. ఒకటేనని కొందరు, కాదని కొందరు. నేను తీర్పు చెప్పలేదు, ఆధారాలు మాత్రం అడిగాను. ఆ వాదనలో ఎవరూ చెయ్యి చేసుకోలేదు, ఎవరూ ఏడవలేదు. కొట్లాట లేకుండా ఆ ప్రశ్న మీద మాట్లాడుకోగలిగిన పిల్లలను చూసి నాకు అనిపించింది, చరిత్ర తరగతి నుంచి మనం ఆశించవలసింది ఇదేనని.

మనలో కొందరికి ఒక సందేహం ఉండవచ్చు. “పిల్లలకు దేశభక్తి నేర్పాలి గానీ, ఇరుపక్షాలూ చెప్పి అయోమయంలో పెట్టడమెందుకు?” అని. గౌరవంతోనే జవాబు చెబుతాను. మన అమరుల త్యాగానికి అబద్ధం దన్ను అక్కర్లేదు. పలోడి దారిలో పోయిన తొమ్మిది మంది గురించి తేదీతో, బెటాలియన్ పేరుతో, ఉన్నదున్నట్టు చెబితే చాలు, ఆ పిల్లలు తలవంచుతారు. తన ఊరికి జరిగిన అన్యాయాన్ని దాచకుండా చెప్పిన మాస్టారు, జవాను చావు గురించి చెప్పినప్పుడు కూడా పిల్లవాడు నమ్ముతాడు. ఒకటి దాచినవాడి రెండో మాట ఎవరు నమ్ముతారు?

వెళ్ళబోయే మిత్రులకు ఒక మనవి. నియమాల కాగితం ఒకటి రాసి తరగతి గోడకు అంటించండి. పైన పిల్లలు పాటించవలసినవి, కింద మీరు పాటించవలసినవి రాయండి. కింద భాగం పెద్దదిగా ఉండాలి. వస్తానన్న రోజున వస్తాను, తెలియనిది తెలియదంటాను, ఏ పిల్లవాడి ఇంటి గుట్టూ పదిమందిలో అడగను, చనిపోయిన ఎవరినీ కించపరచను అని రాసి, కింద మీ సంతకం పెట్టండి. ఆ తరువాత పిల్లల చేత సంతకాలు పెట్టించండి. మీ కోసం ఆ మూడు గళ్ళ నోటు పుస్తకాలు నాలుగు డజన్లు కొని కార్యదర్శిగారికి అప్పగించాను, వెళ్ళేటప్పుడు మరచిపోకుండా తీసుకువెళ్ళండి.

 జై హింద్.