గోదావరి మీద లాంచీ రోజులు

1900 నాటి హేవలాక్ వంతెన రైళ్లకే. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చేదాకా, రైలు వేళ కుదరని నాబోటివాళ్లకు రాజమండ్రి నుంచి కొవ్వూరుకు లాంచీయే దిక్కు. వేసవిలో ఇసుకమేటలు చోటు మారేవి. ఖలాసీ గెడతో లోతు చూసి కేకేస్తే, సరంగు చుక్కాని తిప్పేవాడు.

ఓసారి వరదొచ్చి లాంచీ ఆపేశారు. "బడిలో ఇన్‌స్పెక్షనుంది, పోనివ్వవయ్యా!" అని సరంగు మీద కేకలేశాను. "ఉద్యోగం రేపైనా చెయ్యొచ్చు మాస్టారూ" అన్నాడేగాని తాడు విప్పలేదు. మధ్యాహ్నానికి నీళ్లు రేవు మెట్లన్నీ ముంచేశాయి.

ఇవాళ నేను పెన్షను అందుకుంటున్నానంటే అది ఆయన చలవే. ఆయనకు మాత్రం పెన్షను లేదు.