మూగజీవితో విమానయానం



ఒకప్పుడు మన దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాల్లో కుక్క అంటే వాకిట్లో కాపలా కాసే జీవి. ఇంటివాళ్లు ఊరు వెళితే పక్కింటివాళ్లు ఇంత ముద్ద పెట్టేవారు. ఇప్పుడది పిల్లలతో పాటు ఇంట్లోనే పెరుగుతోంది. పిల్లలకు బెంగుళూరులోనో, విదేశంలోనో ఉద్యోగం వచ్చి ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే, "మరి దీన్నేం చేద్దాం?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. విమానంలో తీసుకువెళ్లవచ్చు. అయితే ఇది టికెట్టుతో కాదు, టీకాతో మొదలుపెట్టవలసిన పని.

ముందుగా మన దేశంలో ప్రయాణం సంగతి చూద్దాం. అన్ని విమాన సంస్థల పద్ధతీ ఒకటి కాదు. ఎయిర్ ఇండియా పెంపుడు జంతువులను అనుమతిస్తోంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరు నుంచి కుక్కలను, పిల్లులను తీసుకువెళుతోంది. ఇండిగో మాత్రం వికలాంగులకు తోడుండే శిక్షణ పొందిన కుక్కలను తప్ప వేరే వాటిని ఎక్కించుకోదు. కనుక టికెట్టు కొనేముందే సంస్థను అడిగి, జంతువుకు కూడా చోటు ఖాయం చేసుకోవాలి. రేబిస్ టీకా వేయించిన కార్డు, ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి.

చిన్న జంతువైతే సంచీతో సహా తూకం వేసి మన కాళ్ల దగ్గర ఉంచనిస్తారు. పెద్దదైతే సామాను ఉంచే అరలో, పెట్టెలో వెళ్లాలి. ఆ పెట్టెలో అది నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, పడుకోగలగాలి. నెల రోజుల ముందే పెట్టె తెచ్చి ఇంట్లో పెట్టి, అందులోనే అన్నం పెడుతూ అలవాటు చేయండి.

మత్తుమందు ఇస్తే నిద్రపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. అది ప్రమాదం. మత్తువల్ల రక్తపోటు, శ్వాస మందగించవచ్చు. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడిముక్కు జాతులకు మామూలుగానే ఊపిరి కష్టం. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లనే. మన మరాఠ్వాడా మే నెల ఎండలో విమానం బయట పెట్టె ఎదురుచూస్తే ఏమవుతుందో ఊహించండి. వేసవిలో తెల్లవారుజాము, రాత్రి విమానాలే మేలు.

విదేశమైతే నెలల పని. ఉదాహరణకు ఐరోపా సమాఖ్య దేశాలకు మన దేశం నుంచి కుక్క వెళ్లాలంటే ముందు చర్మం కింద గుర్తింపు చిప్ అమర్చాలి, తర్వాతనే రేబిస్ టీకా. చిప్‌కు ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. టీకా వేసిన 30 రోజులకు రక్తపరీక్ష. రక్తం తీసిన నాటి నుంచి మరో 3 నెలలు ఆగాలి. అమెరికా కూడా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు బిగించింది. చిప్ ఉండాలి, 6 నెలల వయసు నిండాలి. అందుచేత వీసాకు దరఖాస్తు పెట్టిన రోజే పశువైద్యుడి దగ్గరకూ వెళ్లండి.

2022లో యుక్రెయిన్ యుద్ధ సమయంలో కొందరు భారతీయ విద్యార్థులు పెంపుడు జంతువులను వదిలి రామన్నప్పుడు, కేంద్రం ఆ ఒక్కసారికి నిబంధనలు సడలించింది. మామూలు రోజుల్లో ఆ సడలింపు ఉండదు.

రైలూ ఉన్నదని మరచిపోకండి. మొదటి తరగతి ఏసీలో కూపే మొత్తం మీకే కేటాయిస్తే కుక్క మీతోనే ఉంటుంది. లేదంటే గార్డు పెట్టెలో దానికి ప్రత్యేకమైన గది ఉంటుంది.

ముసలిదో, జబ్బుదో అయితే తెలిసిన చేతుల్లో, తెలిసిన వాకిట్లో వదిలి వెళ్లడమే దానిమీద ప్రేమ కావచ్చు. వీధిలో వదిలేయడం మాత్రం ఎన్నడూ కాదు. నోరులేని జీవి తరఫున నిర్ణయించేది మనమే. ఆ నిర్ణయాన్ని ఆఖరి వారానికి వాయిదా వేయకండి.