పాట కట్టిన పనిమంతుడు: సుద్దాల హనుమంతు స్మారకోపన్యాసం



హనుమంతు గారిని తలచుకునే చోట పోరాటం మాటే ముందు వస్తుంది. రావలసిందే. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని పక్కనపెట్టి ఆయన్ను చూడలేం. అయినా ఇవాళ నాకిచ్చిన కాసేపట్లో ఆయన చేతిపని గురించే మాట్లాడతాను. మన ఊళ్లలో పాట ‘కట్టాడు’ అంటారు. మూట కట్టినట్టు, మోసుకుపోయేవాడికి వీలుగా.

ఆయన పాట వినవలసినవాళ్లలో ఎక్కువమందికి అక్షరం రాదు. రాత్రి ఒక ఊళ్లో విన్న పాట తెల్లారేసరికి మరో ఊరికి నోటిమీదే పోవాలి. అందుకే బాణీ కోసం ఆయన ఎక్కడెక్కడో వెతకలేదు, జనం చెవిలో ఉన్న గొల్లసుద్దులను పట్టుకున్నారు. (సుద్దాల ఊరివాడు సుద్దులు పట్టడం కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం ముచ్చటేస్తుంది.) గొల్లసుద్దులు చెప్పేవాడికి భుజాన గొంగడి, చేతిలో కర్ర. కథకుడు ఒక మాటంటే వంతలు ఇంకో మాట అందుకుంటారు, మధ్యలో నవ్విస్తారు. కాటమరాజు కథ నడిచిన ఆ తోవలోనే వెట్టి, దొర, గడి కథలు నడిపించారాయన. బాణీ తెలిసిందే గనుక వినేవాడి ధ్యాసంతా కొత్త మాట మీదికి పోతుంది. పాత బాణీ ఎత్తుకోవడం సోమరితనమనే పండితులున్నారు. వాళ్లెప్పుడూ వెయ్యి గొంతులతో ఒక పల్లవి పాడించి ఉండరు.

ఇక ‘పల్లెటూరి పిల్లగాడ’. గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’తో ఎందరి చెవినో పడిన పాట. అదే సినిమాలో బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’ కూడా ఉంది. అది నైజాం మీదికి నేరుగా విసిరిన సవాలు. హనుమంతు గారి తీరు వేరు. పసులు కాసే పసి జీతగాణ్ని పలకరిస్తారు, ఎప్పటినుంచి ఈ కొలువని ఆరా తీస్తారు, ఒంటిమీది చిరుగుల అంగీ చూస్తారు. కోప్పడే పని వినేవాడికి వదిలేశారు. నినాదం రాయడానికి ఆవేశం చాలు. దాన్ని దిగమింగి ఒక పిల్లవాడి అంగీ మీద చూపు నిలపాలంటే సాధన కావాలి. ‘పిల్లగాడ’ అన్న పిలుపులోనే గొంతు సాగదీసుకునే జాగా ఉంది, దూరాన మేస్తున్న మందకు కేకేసినట్టు.

 

హనుమంతు గారు 1982లో కన్నుమూశారు. నోటిమీద తిరిగే పాటకు ఒక చిక్కుంది. కట్టినవాడి పేరు రాలిపోతుంది, చరణాలు మారిపోతాయి. ఆనాటి పాటలు ఇంకో రకంగా పాడే అవ్వలు, తాతలు మీ ఇళ్లలో ఉండవచ్చు. ఈ వారమే వాళ్ల దగ్గర కూర్చుని పాడించుకుని, రాసిపెట్టండి.