పూసల లెక్క
(వరాఛాలోని తెలుగు ఉద్యోగుల సభయందలి ప్రసంగ పాఠము)



ఇంటిపట్టున నుండి చీరలకు రాళ్లు, చెమ్కీలు అతికించు స్త్రీలను ఈ సూరతు నగరమున చూచినవారికి ఒక సంగతి బోధపడును. అక్షరము రాని చేతికిని వరుస తెలియును, లెక్క తెలియును. ఈ నేర్పును ఆధారముగా గొని, ఆరోగ్యవిషయములను చేతి వస్తువు మూలమున స్త్రీలకు తెలుపు ప్రయత్నము మన దేశమున నేటిది కాదు. అందు తొలి ఘట్టమొకటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసముల నడుమనే జరిగినది.

1951లో భారత ప్రభుత్వము కోరగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అమెరికా వైద్యుడగు ఆబ్రహాం స్టోనును ఇచ్చటకు పంపెను. నాటి ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృతకౌర్ గాంధీజీ శిష్యురాలు. కృత్రిమ సాధనములు ఆమెకు సమ్మతములు కావు. నెలలో గర్భము నిలుచు దినములను గుర్తించి, ఆ దినములందు దంపతులు నియమము పాటించు పద్ధతి యొక్కటే ఆమె అంగీకరించెను. ఢిల్లీలోని లోదీ కాలనీయందును, బెంగుళూరు సమీపపు రామనగరమునందును దానిని పరీక్షించిరి. క్యాలెండరు చూచి లెక్కించు అలవాటు లేని స్త్రీలకై పూసల దండ కల్పించిరి. భయము గల దినములకు ఒక రంగు, లేని దినములకు వేఱొక రంగు. దినమునకొక పూసను త్రోయుటయే పని.

కాగితముపై ఇంతకన్న సులభమైనది లేదు. కాని దీపము లేని యింట రాత్రివేళ రంగు ఎట్లు తెలియును? కొందరు పూసను వెనుకకు త్రోసిరి. కొందరు మఱచిరి. దండయే తాయెత్తువలె కాపాడునని నమ్మినవారును గలరు. మెడలో వేసికొన్నచో ఊరెల్ల ఎఱుగునని సిగ్గుపడినవారును గలరు. పిమ్మట రంగుతోపాటు పూసల ఆకారమును మార్చిరి. వెనుకకు జరుగకుండ అడ్డు పెట్టిరి. అయినను ప్రయత్నము ఫలింపలేదు.

ఈ కథను పల్లెస్త్రీల అజ్ఞానమునకు నిదర్శనముగా నవ్వుచు చెప్పువారు నేటికిని గలరు. ఆ నవ్వు న్యాయము కాదు. చీకటిలో రంగు కనబడకుండుట స్త్రీ దోషమా? నియమము తప్పకుండ పాటింపవలసినవాడు భర్త. దండ మోయవలసినది భార్య! ఈ చిక్కు ఏ పూసకును తీరునది కాదు.

అర్ధశతాబ్ది గడచిన పిమ్మట అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయము వారు మరల పూసలనే పట్టిరి. మన దేశమున దీనిని మాలాచక్రమని పిలిచిరి. ఇందు 32 పూసలు. ఎఱ్ఱపూస బహిష్టు తొలిదినము. పిదప 6 గోధుమరంగువి. 8వ దినము మొదలు 19వ దినము వరకు 12 తెల్లనివి, ఇవియే గర్భము నిలుచు దినములు. కడపట 13 మరల గోధుమరంగువి. రబ్బరు కడియము ఒక దిక్కునకే జరుగును. తెల్లపూసలు చీకటిలో మెఱయును! లాంతరు లేని ఆ పాత యిండ్లకు ఆలస్యముగా వచ్చిన ప్రత్యుత్తరము వలె నున్నది. 2002లో ప్రకటితమైన పరిశీలన ప్రకారము, నియమము తప్పక పాటించినచో సంవత్సరమున నూర్గురిలో గర్భము దాల్చువారు అయిదుగురికి లోపు. లోకరీతిని వాడినచో పండ్రెండుగురు. అయితే 26 మొదలు 32 దినములలోపల ఋతుచక్రము క్రమముగా నడచు స్త్రీలకే ఇది తగును. ఆ మాట చెప్పక అందఱికిని పంచుట ద్రోహము.

పూసలతోనే ఈ కథ ఆగలేదు. రాజస్థానమున ఉదయపూరు ప్రాంతపు పల్లెలలో ఖుషీ బేబీ అను సంస్థవారు శిశువుల టీకాల వివరములను చిన్న చిప్పులో నుంచి, దానిని నల్లత్రాటికి కట్టి బిడ్డ మెడలో వేసిరి. ఆ ప్రాంతమున దృష్టిదోషమునకు నల్లత్రాడు కట్టు ఆచారము ముందే యున్నది. కార్డు పోవును గాని త్రాడు పోదు. తల్లి నమ్మకముతో వాదులాడక, దాని ప్రక్కనే చోటు సంపాదించుట ఇందలి తెలివి. బంగ్లాదేశమున గర్భిణులకై మాటలాడు ప్లాస్టిక్ గాజును రూపొందించిరి. అది ఆరోగ్యసూచనలు వినిపించును. పొయ్యి పొగలోని కార్బన్ మోనాక్సైడు హెచ్చినచో హెచ్చరించును.

అట్టి గాజును తెలుగునాట తేదలచినవారికి వేఱొక పని యున్నది. పుస్తెలత్రాడు తెగినదని నోట పలుకక "పెరిగినది" అను స్త్రీలు మనవారు. బంగ్లాదేశపు గాజునకు బ్యాటరీ కాన్పువఱకు వచ్చునట. బ్యాటరీ ఉడిగిన పిమ్మట చేతి గాజును తీసివేయుమని బాలింతతో ఎవరు చెప్పవలెనో, ఏ మాటతో చెప్పవలెనో గూడ ముందే ఆలోచింపవలెను. అత్తగారు ప్రక్కనే యుందురు.