గ్వాన్‌చోక్సా మహామూర్తి

దక్షిణ కొరియాలో నోన్సాన్ నగరానికి చేరువగా, ఒక కొండవాలుమీద గ్వాన్‌చోక్సా అనే బౌద్ధాలయం ఉన్నది. ఆ ఆలయ ప్రాంగణంలో ఎండకూ మంచుకూ ఓర్చి ఒక మహాశిలామూర్తి నిలిచి ఉన్నది. ఎత్తు సుమారు 18 మీటర్లు. ఆ దేశపు ప్రాచీన శిలాప్రతిమలలో ఇంతకంటె పెద్దది లేదు. రాబోవు యుగంలో బుద్ధుడు కానున్న మైత్రేయుని రూపంగా ప్రజలు దీనిని కొలుస్తారు.

తొలిసారి చూచేవారికి ఈ మూర్తి వింతగానే తోస్తుంది. శిరస్సు దేహానికి మించినది, చేతులూ పెద్దవే. భుజాలక్రింద దేహం స్తంభంవలె నిటారుగా దిగిపోతుంది. తలపై పొడవైన కిరీటం, దానిమీద రెండంతస్తులుగా చతురస్రపు రాతి గొడుగులు. కన్నులలో నల్లని పలకరాతితో పొదిగిన కనుపాపలు.

అంగప్రమాణం తప్పినదని ఇరువదవ శతాబ్దిలో కొందరు విమర్శకులు దీనిని చులకన చేశారు. వారి కొలబద్ద సొక్కురం గుహాలయ బుద్ధుడు. 751లో ప్రారంభమైన ఆ ఆలయంలోని మూర్తి సౌష్ఠవం లోకప్రసిద్ధం. అదికూడా గ్రానైటు రాతిలో మలచినదే. కనుక రాయి కఠినమై శిల్పి ఉలి తడబడినదనడానికి వీలులేదు. మరి ఈ భేదానికి కారణమేమి?

కొర్యో రాజ్యస్థాపకుడు 936లో ఈ ప్రాంతాన్ని ఏలిన ప్రత్యర్థి రాజ్యాన్ని లోబరచుకొని దేశాన్ని ఏకం చేశాడు. ఆయన కుమారుడు గ్వాంగ్‌జోంగ్ ఏలుబడిలో హ్యేమ్యోంగ్ అనే భిక్షువు ఈ మూర్తి నిర్మాణానికి పూనుకొన్నాడు. 970లో మొదలైన పని 1006లో ముగిసినదని ఆలయ సంప్రదాయం. సొక్కురం బుద్ధుడు గర్భగృహంలో, దగ్గరగా నిలిచి ధ్యానించదగినవాడు. ఈ మైత్రేయుడో ఆరుబయట, దిగువనుండి తలయెత్తి చూచే జనసమూహానికి దర్శనమిచ్చేవాడు. అక్కడ ప్రసన్నత ప్రధానం. ఇక్కడ ప్రభావం ప్రధానం.

ఇంతటి రాతిఖండాలను ఎట్లా నిలిపారన్నదానికి ఒక కథ ఉన్నది. భిక్షువు చింతాక్రాంతుడై ఉండగా, పిల్లలు మట్టిబొమ్మతో ఆడుకొంటున్నారట. మొదట అడుగుభాగాన్ని నిలిపి, చుట్టూ ఇసుక పోసి, ఆ వాలుమీదుగా నడుమును, పిదప తలను దొర్లించి పైకి చేర్చారట. ఆయనకు ఉపాయం తోచినది. కథ కావచ్చును, కాని బరువును ఎత్తే ఆ పద్ధతి సత్యమైనదే.

1963లో ఈ మూర్తిని సంరక్షణీయ నిధిగా గుర్తించిన కొరియా ప్రభుత్వం, 2018లో అత్యున్నతమైన జాతీయనిధి స్థానానికి చేర్చినది. లోపమని ఎంచిన ఆ స్థూలత్వమే, ఆ స్వతంత్రతే ఇప్పుడు దాని విశిష్టతగా గణింపబడినది. మూర్తి మారలేదు, మారినది చూపు. ఒక కాలపు శిల్పాన్ని మరొక కాలపు కొలతతో తూచరాదని ఆ రాతి కన్నులు మనకు మౌనంగా చెబుతున్నవి.