దేశాభివృద్ధి - కౌలుదారుని లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ ఉత్సవ సందర్భమున “దేశాభివృద్ధి, పేదరికము” అను విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించినారు. నేను అర్థశాస్త్ర పండితుడను గాను. భూమి లెక్కలు వ్రాయుట నా వృత్తి. రాత్రివేళ ఈ గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న భారత భాగవతములు చదువుకొనుట నా వ్యసనము. ఆ రెంటికి అవతల నాకు తెలిసినది స్వల్పము. కావున అంత పెద్ద విషయమును నాకు బాగుగా తెలిసిన ఒక చిన్న గడిలోనుండి చూపుటకు యత్నించెదను. అడంగలులో పట్టాదారు పేరునకు ప్రక్కన “అనుభవదారు” అని యుండు గడి అది.

ముందు భారతము మాట చెప్పెదను. ధర్మరాజు మయసభయందు కొలువుండగా నారదుడు వచ్చి కుశలమడిగి ఊరకుండక, రాజ్యపాలనను గూర్చి ప్రశ్నమీద ప్రశ్న వేసినాడు. సభాపర్వములోని ఆ ఘట్టమును నన్నయభట్టు తెనిగించినాడు. అందు సేద్యమును గూర్చి వ్యాసుడు పలికించిన ప్రశ్నలు రెండు మనకు ముఖ్యములు. నీ దేశమున తగిన తావులందు నిండు చెరువులున్నవా, సేద్యము కేవలము వానదేవుని దయమీద నడచుట లేదు గదా అనునది ఒకటి. కష్టములోనున్న కర్షకునకు విత్తనమును, తిండిగింజలను ఇచ్చుచున్నావా, నూటికొక్కటి వడ్డీకి అప్పిచ్చి ఆదుకొనుచున్నావా అనునది రెండవది. మొదటిసారి చదివినపుడు, జమాబందీకి వచ్చిన అధికారి ప్రశ్నలవలె నున్నవే అని నవ్వుకొంటిని. తరువాత నవ్వు రాలేదు.

మొదటి ప్రశ్నకు మన కృష్ణా గోదావరి డెల్టాలు ఘనముగానే సమాధానము చెప్పినవి. అమరకోశము దేశములను దేవమాతృకములనియు, నదీమాతృకములనియు రెండు తెగలుగా చెప్పినది. వానతో బ్రతుకునది మొదటిది, నదితో బ్రతుకునది రెండవది. 1832-33 నాటి నందన కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షకు మించిన జనము మరణించినారు. కృష్ణ ప్రక్కనే పారుచున్నది, నీరు పొలమునకు ఎక్కలేదు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద మొదలిడిన ఆనకట్ట 1852లో పూర్తి అయినది. విజయవాడ ఆనకట్ట 1855లో ముగిసినది. దాని స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చినది. తాతలు గంజికి ముఖము వాచిన నేలమీద మనుమలు రెండు పంటలు తీసినారు. అభివృద్ధి అనునది మాటల గారడి యని తీసివేయువారితో నేను ఏకీభవింపను. ఈ సభలో కూర్చున్న మనలో పలువురము ఆ కాలువల వలననే పుట్టి పెరిగినవారము.

రెండవ ప్రశ్నయొద్దనే చిక్కు. నారదుడు అడిగినది కర్షకుని గూర్చి. కర్షకుడనగా దున్నువాడు. భూమి ఎవరిదని ఆ మహర్షి అడుగలేదు. మన కాలమున సాయము వచ్చు దారి వేరు. కాగితముమీద పేరున్నవాని యింటికి వచ్చును. దున్నువాడును, పేరున్నవాడును ఒక్కడే అయినచోట చింత లేదు. మన జిల్లాలలో ఎంతమంది అట్లున్నారు? కేంద్ర ప్రభుత్వమువారు 2019లో జరిపిన జాతీయ నమూనా సర్వేలో, కౌలు భూమి కలిసిన కమతములు దేశము మొత్తముమీద నూటికి 17.3 కాగా, ఆంధ్రప్రదేశములో 42.4గా తేలినవి. అదే సర్వేలో మన రాష్ట్రపు వ్యవసాయ కుటుంబములలో నూటికి 93.2 అప్పులో నున్నవనియు, సగటున కుటుంబమునకు 2,45,554 రూపాయల అప్పు ఉన్నదనియు వ్రాసినారు. దేశపు సగటు 74,121 రూపాయలే. అప్పు పుట్టుటయు ఒక పరపతియే గదా అని మీరు అనవచ్చును. నిజమే. అయితే ఎవరికి ఏ వడ్డీకి పుట్టినదో అడుగవలెను. పంట ఋణము మూడు లక్షలవరకు నూటికి ఏడు, వేళకు తీర్చినవానికి నాలుగు రూపాయల సాలుసరి వడ్డీకి వచ్చునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేసినది. పాసుపుస్తకము లేని కౌలుదారు బయట నెలకు నూటికి రెండు చొప్పున తెచ్చుకొనును. అది సాలునకు ఇరువదినాలుగు. బ్యాంకులో చవుకగా తెచ్చి ఊరిలో ప్రియముగా త్రిప్పినవారును కలరు. వారి పేర్లు ఈ సభలో అవసరము లేదు.

ఇప్పుడొక ఎకరమును లెక్కకు తీసికొందము. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలు. మీ మీ చేలను బట్టి సవరించుకొనుడు. సార్వాలో ముప్పది బస్తాలు పండినదనుకొందము. మక్తా పదునాలుగు బస్తాలు. దుక్కి, నారు, ఊడ్పు, ఎరువు, మందు, కోత, వడ్డీ అన్నియు కలిపి పదుమూడు బస్తాల ఖరీదు. కౌలుదారుకు మిగిలినవి మూడు. మరుసటి ఏడు పంట ఐదవ వంతు తగ్గి ఇరువదినాలుగు బస్తాలే అయినది. భూస్వామికి పదునాలుగు బస్తాలు యథాతథముగా చేరినవి. ఖర్చు తగ్గలేదు. కౌలుదారుకు మూడు మిగులుటకు మారుగా మూడు తరుగు పడినది. ఊరి లెక్కలో మనము ఏమని వ్రాయుదుము? “దిగుబడి నూటికి ఇరువది తగ్గినది” అని. ఆ సరాసరి అబద్ధము కాదు. అయినను ఇరువది తగ్గినవాడు ఊరిలో ఒక్కడును లేడు. ఒకనికి ఏమియు తగ్గలేదు, వేరొకనికి సర్వము పోయినది. తలసరి ఆదాయము పెరిగినదని పత్రికలలో చదివినపుడెల్ల నాకు ఈ ఎకరమే జ్ఞాపకము వచ్చును. తలసరి పెరుగుట మంచిదే. ఏ తలకు ఎంత యని ఆ అంకె చెప్పదు, చెప్పజాలదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. 2013 నవంబరులో హెలెన్ తుపాను వచ్చి కోతకు వచ్చిన వరి నీటిలో పడుకొన్నది. నష్టపు పట్టిక వ్రాయవలసి వచ్చినది. తొందర ఎక్కువ, చేలలో మోకాటిలోతు నీరు. పాత అడంగలు ముందు పెట్టుకొని, పట్టాదారు పేరునే అనుభవదారు గడిలో దింపి, స్వయంసాగు అని వ్రాసితిని. అట్లు వ్రాసిన వానిలో మూడెకరముల చేను ఒకటి. దానిని దున్నినవాడు ఎవరో నాకు తెలియును. దినమును మా వీధివెంటనే చేనికి పోవువాడు. పరిహారపు సొమ్ము పట్టణములోనున్న యజమాని ఖాతాలో పడినది. ఆయన దుర్మార్గుడు కాడు. నా ఖాతాకు వచ్చినది, నాదే యనుకొంటినన్నాడు. కౌలుదారు మాత్రము నా అరుగుమీదికి వచ్చి కూర్చుండి, చాలసేపటికి ఒక్క మాట అడిగినాడు. “కరణంగారూ, నా పేరు మీకు తెలియదా అండీ?” కరణీకము 1984లోనే రద్దయినను, లెక్కలు వ్రాయువానిని ఊరివారు ఇంకను అట్లే పిలుచుదురు. నేను సమాధానము చెప్పలేకపోతిని. ఆ సంవత్సరము ఆయన రెండు గేదెలను అమ్మినాడు. మరుసటి ఏడు కుమారుని చదువు మాన్పించినాడు. నేను వ్రాసినది ఒక్క మాట, ఒక్క గడి.

భూమిగలవారు కౌలును కాగితముమీద పెట్టుటకు ఎందుకు జంకుదురో కూడ న్యాయముగా చెప్పవలెను. ఆంధ్ర ప్రాంతపు కౌలుదారీ చట్టము 1956లో వచ్చినది. 1974లో దానిని సవరించి కౌలుదారుకు మరింత రక్షణ నిచ్చినారు. ఉద్దేశము ధర్మమైనదే. ఫలితమేమన, కాగితము వ్రాసిన భూమి చేయి దాటిపోవునను భయము పుట్టి, కౌలు నోటిమాటలోనికి దిగినది. రెండెకరములే ఆధారముగా గల వితంతువు, దూరపు ఊరిలో ఉద్యోగము చేయు ఉపాధ్యాయుడు, వీరును భూస్వాములే. వారి భయమును మనము ఎగతాళి చేయరాదు. 2011లో ఋణ అర్హత పత్రముల చట్టము వచ్చినది; 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. ఈ రెండవది పదునొకండు నెలల ఒప్పందమునకే పరిమితమై, యజమాని హక్కునకు భంగము లేదని స్పష్టపరచినది. కాని ఆ ఒప్పందమునకు యజమాని సంతకము కావలసివచ్చినది. ఎవరి జంకు వలన ఈ చిక్కు పుట్టినదో వారి చేతికే తాళపుచెవి ఇచ్చినట్లయినది. 2019లో వచ్చిన కేంద్రపు ఆరువేల రూపాయల కిసాన్ నిధియు, అంతకు ముందేడు తెలంగాణములో వచ్చిన రైతుబంధుయు భూమి పేరున్నవారికే చేరినవి.

ఇది తీరని చిక్కు కాదు. పశ్చిమ బెంగాలులో 1978లో ప్రభుత్వము ఆపరేషన్ బర్గా అను కార్యక్రమమును మొదలుపెట్టినది. అక్కడి పాలికాపును బర్గాదారు అందురు. ఉద్యోగులు కచ్చేరీలో కూర్చుండక, రైతులు పనినుండి మరలివచ్చు సాయంకాలములందు గ్రామములకే పోయి, నలుగురి ఎదుట అడిగి పేర్లు వ్రాసికొన్నారు. పదునాలుగు లక్షలకు పైగా పేర్లు ఎక్కినవి. భూమి ఎవరి చేతినుండియు లాగలేదు. దున్నువానికి తొలగింపు భయము పోయినది, పంటలో వాటా నిలిచినది. దిగుబడియు పెరిగినదని తరువాత పరిశీలించినవారు నిరూపించినారు. అంతకు ముందే తైవానులో 1949లో కౌలును ప్రధాన పంటలో నూటికి 37.5కు మించరాదని కట్టడిచేసి, కౌలునకు వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉండవలెనన్నారు. 1953లో దున్నువానికే భూమిని అమ్మించినారు. ఆ దేశము తరువాత యంత్రములు, విద్యుత్పరికరములు చేసి ప్రపంచమునకు అమ్మినది. అంతయు కౌలు కాగితము వలననే జరిగినదని నేను చెప్పబోవుట లేదు. అట్లు చెప్పుట లెక్క తెలిసినవాడు చేయదగిన పని కాదు. కాని వారు కాగితముతో ఆరంభించినారు. మనది మక్తా, వారిది పంటలో వాటా, తేడా ఉన్నది. పేరు వ్రాయుటలో మాత్రము తేడా లేదు.

పేరు వ్రాసినంత మాత్రమున మక్తా తగ్గునా, ధాన్యము ధర పెరుగునా అని ఒక మిత్రుడు నన్ను అడిగినాడు. తగ్గదు, పెరుగదు. తుపాను వచ్చినపుడు పరిహారము ఏ గుమ్మము ఎక్కవలెనో తెలియును; బ్యాంకువాడు ముఖము చూచి మాటలాడును. అంతవరకే నేను వాగ్దానము చేయగలను.

కార్యదర్శిగారితో ఒక మాట అనుకొన్నాను, వారు అంగీకరించినారు. తొలకరి పడి దుక్కులు సాగు దినములలో, జూను మాసమంతయు, సాయంకాలము ఆరు గంటలనుండి తొమ్మిది వరకు ఈ పఠనమందిరపు పెద్దబల్ల యొద్ద నేను కూర్చుందును. కౌలు ఒప్పందము, అర్జీ, పంట నమోదు కాగితము, ఏది కావలసినను వ్రాసి చదివి వినిపించెదను; రుసుము లేదు. కౌలుదారులు సర్వే నంబరు కాగితముమీద గుర్తు వేసికొని రావలెను. భూమిగలవారును రావలెనని ప్రత్యేకముగా ప్రార్థించుచున్నాను. వారు చదివి, భయమున్నచోట నన్ను అడిగి, ఆపైన తోచినట్లు చేయవచ్చును. నేను చెప్పిన ఆ మూడెకరముల కౌలుదారు మొదటిదినము వచ్చెదనని నిన్ననే చెప్పినాడు.