కుక్కతో షికారు – పొరుగువారి పచ్చిక



రిటైరయ్యాక డాక్టరుగారు రోజూ నడవమన్నారు. తోడుగా మా అబ్బాయి కుక్కను తెచ్చాడు. ఒకనాడు అది ఎదురింటివారి పచ్చికలో దొడ్డికి కూర్చుంది. చూడనట్టే వచ్చేశాను. సాయంత్రం వాళ్ళ మనవడు అక్కడే బంతాట ఆడుతున్నాడు! కుక్క మలంలోని ఏలికపాముల గుడ్లు మట్టిలో నెలల తరబడి ఉండి, పిల్లల చేతులద్వారా కడుపులోకి పోతాయి. గాబరాగా వెళ్ళి శుభ్రంచేసి, క్షమించమన్నాను.

"పొద్దున్నే చూశానండీ. పెద్దవారు, ఎలా అడగను?" అన్నారాయన.

సర్వీసంతా క్రమశిక్షణ చెప్పిన నాకు సిగ్గేసింది. ఇప్పుడు గొలుసు, పాతపేపరు, సీసాలో నీళ్ళు లేనిదే గుమ్మం దిగను. మూత్రం పోసినచోట వెంటనే నీళ్ళు పోస్తే గడ్డి మాడదు. ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాను. వాళ్ళు అడిగేదాకా ఆగకండి, మనమే జాగ్రత్తపడదాం.